మందు అన్న మాటకు రెండర్థాలు: ఇటలీ లిక్యూర్ల కథ

ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించినది, ఇంతవరకు మన పత్రికలో ఎవరూ ముట్టనిది ఏదైనా రాసి ఇమ్మని సంపాదకవర్గం వారు కోరారు. దేవాలయాల మీద, పాత కచేరీల మీద, పెన్షన్ నిబంధనల పుట్టుపూర్వోత్తరాల మీద పెద్దలు ఇదివరకే రాసి ఉన్నారు. నాకు లోతుగా తెలిసిన విషయం ఒక్కటే, అది స్పిరిట్. తాగి తెలుసుకున్నది కాదు సుమా, కొలిచి తెలుసుకున్నది. ఎక్సైజు ప్రయోగశాలలో హైడ్రోమీటరు పట్టుకుని ముప్ఫై ఏళ్ళకు పైబడి పనిచేసిన వాడిని. కాబట్టి ఈ వ్యాసం చూసి "ఇదేమిటి, ఈ వయసులో ఈయనకు ఈ వ్యామోహం" అని మిత్రులెవరూ కంగారు పడవద్దని మనవి.

మన తెలుగులో ఒక చిత్రమైన మాట ఉంది. డాక్టరు కాగితం మీద రాసేదీ మందే, సందు చివర కొట్టులో అమ్మేదీ మందే. ఈ రెండింటికీ మధ్య గీత గీయడమే నేను జీతం తీసుకుని చేసిన పని. 2017లో జీఎస్టీ వచ్చేదాకా అమలులో ఉన్న 1955 నాటి చట్టం ఒకటి ఉండేది. ఆల్కహాలు కలిసిన ఔషధాల మీదా, అత్తరు వంటి అలంకరణ సామగ్రి మీదా సుంకం వేసే చట్టమది. ద్రాక్షాసవం, అశోకారిష్టం వంటి వాటి నమూనాలు మా బల్ల మీదకు వచ్చేవి. ఇందులో ఆల్కహాలు ఎంత, అది తనంతట పులిసి పుట్టిందా లేక బయట నుంచి కలిపిందా, దీన్ని మామూలు మద్యంలా తాగడానికి వీలున్నదా లేదా అన్నది తేల్చి రాయాలి. ఒకే సీసా ఇటు చూస్తే మందు, అటు చూస్తే 'మందు'.

మా రెండవ అమ్మాయి, అల్లుడు ఇటలీలో బొలోన్యా నగరంలో ఉద్యోగాలు చేస్తున్నందున ఉద్యోగ విరమణ తరువాత రెండు పర్యాయాలు ఆ దేశం వెళ్ళాను. అక్కడ ఇంటింటా భోజనాల గదిలో ఒక చిన్న అలమర, అందులో రంగురంగుల సీసాలు కనిపించాయి. పసుపు, ఎరుపు, కాఫీ డికాక్షన్ రంగు. అవే లిక్యూర్లు. వాటి చరిత్ర చదువుతూ పోతే, నేను జీవితమంతా చూసిన ఆ గీత మీదుగానే ఈ వస్తువు కూడా ఏడెనిమిది వందల ఏళ్ళుగా నడిచి వచ్చిందని అర్థమైంది. ఇటలీ లిక్యూరు చరిత్ర అంటే మందులషాపులో పుట్టిన సీసా విందుబల్ల మీదకు చేరిన చరిత్ర.

లిక్కర్ వేరు, లిక్యూర్ వేరు

ముందుగా పేరు విషయం. మనం సారా, బ్రాందీ, విస్కీ అన్నింటినీ కలిపి 'లిక్కర్' అంటాము. 'లిక్యూర్' అందులో ఒక ప్రత్యేకమైన తెగ. స్పిరిట్‌లో మూలికలో, పండ్లో, పువ్వులో, తొక్కలో, గింజలో నానబెట్టి వాటి సారం దింపి, చక్కెర కలిపి చేసేది లిక్యూర్. యూరోపియన్ యూనియన్ చట్టం ప్రకారం ఇందులో ఆల్కహాలు 15 శాతానికి తగ్గకూడదు. చక్కెర సాధారణంగా లీటరుకు 100 గ్రాములకు తగ్గకూడదు. అంటే తీపి ఉండి తీరాలి. చక్కెర లేనిది ఎంత సువాసనగా ఉన్నా లిక్యూర్ అనిపించుకోదు.

జీవజలం

ద్రవాన్ని కాచి ఆవిరిని చల్లార్చి పట్టే విద్యను అరబ్బు రసాయనవేత్తలు బాగా సాధన చేశారు. ఆ పాత్రకు యూరోపు భాషల్లో ఉన్న 'అలెంబిక్' అన్న పేరు, 'ఆల్కహాల్' అన్న పేరు రెండూ అరబ్బీ భాష నుంచి వచ్చినవే. దక్షిణ ఇటలీలోని సలెర్నో పట్టణంలో ఆనాటికి పేరెన్నికగన్న వైద్యవిద్యాలయం ఉండేది. ద్రాక్షసారాయి నుంచి స్పిరిట్ తీయడం గురించి యూరోపులో తొలి ప్రస్తావనలు 12వ శతాబ్దంలో ఆ విద్యాలయంతో ముడిపడి కనిపిస్తాయి. తరువాత 13వ శతాబ్దంలో బొలోన్యా విశ్వవిద్యాలయ వైద్యాచార్యుడు తద్దేయో అల్దెరోత్తి, ఆవిరిని మెలికల గొట్టంలోకి పంపి చుట్టూ నీటితో చల్లార్చే పద్ధతిని వర్ణించాడు. ఆయన 1295లో మరణించాడు. నేను పనిచేసిన ప్రయోగశాలలో గాజు కండెన్సరుకు కుళాయి నీళ్ళు పట్టే పద్ధతికి మూలం అదే. ఏడు వందల ఏళ్ళలో గొట్టం రాగి నుంచి గాజుకు మారింది, సూత్రం మారలేదు.

ఆనాటి వైద్యులు ఆ స్పిరిట్‌కు లాటిన్ భాషలో 'ఆక్వా వీటే' అని పేరు పెట్టారు. అంటే జీవజలం. గాయాలకు, జ్వరాలకు, కడుపునొప్పికి చుక్కల లెక్కన వాడేవారు. నీటిలో దిగని మూలికల సారం స్పిరిట్‌లో దిగుతుంది. పైగా చెడిపోకుండా ఏళ్ళ తరబడి నిలువ ఉంటుంది. ఈ రెండు గుణాల వలన మఠాలలోని సన్యాసులకు, మందులు నూరే వారికి అది వరప్రసాదమైంది. మఠానికి మూలికల తోట ఉంటుంది, చదువు ఉంటుంది, తీరిక ఉంటుంది, రోగులు గుమ్మం దాకా వస్తారు. 1221లో ఫ్లోరెన్స్‌కు వచ్చిన డొమినికన్ సన్యాసుల సాంతా మరియా నొవెల్లా మఠంలోని ఔషధశాల 1612లో బయటివారికి అమ్మకాలు మొదలుపెట్టింది. నాలుగు వందల ఏళ్ళు దాటినా ఆ పేరుతో దుకాణం నేటికీ నడుస్తున్నది. నేను వెళ్ళినప్పుడు పైకప్పు చిత్రాలు చూస్తూ మెడ నొప్పి పుట్టించుకున్నాను.

ఇక తీపి ఎలా చేరింది? మూలికలు చేదు. మన ఇళ్ళలో పిల్లలకు కషాయం పట్టి వెంటనే నోట్లో బెల్లం ముక్క పెట్టినట్టే, అక్కడి వైద్యులు మందులోనే తీపి కలిపారు. అయితే ఆ కాలం యూరోపులో చక్కెర వంటింటి సరుకు కాదు. అరబ్బుల ద్వారా సిసిలీకి చెరకు వచ్చిన తరువాత కూడా అది చాలా ఖరీదైనది, మందులు అమ్మేవారి దగ్గర తూకం వేసి అమ్మే వస్తువు. మిరియాలు, ఏలకులు, దాల్చినచెక్క కూడా అంతే. మన సముద్రతీరాల నుంచి అరబ్బు వర్తకుల చేతులు మారుతూ వెనిస్ చేరేవి. కాబట్టి స్పిరిట్, చక్కెర, సుగంధద్రవ్యాలు మూడూ కలిసిన సీసా ధనవంతుల మందుల పెట్టెలో మాత్రమే ఉండేది. చక్కెర చవక అయిన కొద్దీ మందు తీయనైంది, తీయనైన కొద్దీ జబ్బు లేనివారు కూడా అడగడం మొదలుపెట్టారు. 'రొసోలియో' అన్న పేరుతో ఇటువంటి తీపి స్పిరిట్లు 18, 19 శతాబ్దాలలో పెళ్ళిళ్ళలో, అతిథి మర్యాదలలో చోటు సంపాదించుకున్నాయి. గీత మొదటిసారి చెరిగింది అక్కడే.

వ్యాపారం చేతికి వచ్చిన కాలం

ఈనాడు ప్రపంచమంతటా దొరికే ఇటలీ సీసాలలో చాలావాటి పుట్టిన తేదీలు 19వ శతాబ్దంలోనే ఉన్నాయి. 1815లో మిలాన్‌లో అవుసానో రమత్సొత్తి తన పేరు మీద ఒక చేదు లిక్యూరు తయారుచేశాడు. 1845లో అదే నగరంలో బెర్నార్దినో బ్రాంకా 'ఫెర్నెట్ బ్రాంకా' మొదలుపెట్టాడు. 1860లో నొవారాలో గాస్పరే కాంపారి, అదే సంవత్సరం బెనెవెంటోలో జుసెప్పె అల్బెర్తి, 1868లో సిసిలీ ద్వీపంలో సాల్వతోరే అవేర్నా, 1885లో బొలోన్యాలో స్తనిస్లావో కొబియాంకి రంగంలోకి దిగారు. ఇటలీలోని చిన్న రాజ్యాలన్నీ కలిసి ఒకే రాజ్యంగా ఏర్పడింది 1861లో. రైలు మార్గాలు, వార్తాపత్రికలు, గోడప్రకటనలు ఆ శతాబ్దంలోనే బాగా విస్తరించాయి. ఒక ఊరి మందు దేశపు మందయ్యే వీలు చిక్కింది.

చేదు లిక్యూర్లను ఇటలీ వారు 'అమారో' అంటారు. అమారో అంటే చేదు. ఫెర్నెట్ బ్రాంకాలో 27 రకాల మూలికలు ఉన్నాయంటారు. అందులో బయటపెట్టిన పేర్లు చూడండి: చామంతి జాతి పువ్వు, రేవల్చిని, ముసాంబరం, బోళం, కుంకుమపువ్వు, ఏలకులు. మన పచారీ కొట్టు వెనుక గదిలో నిలబడినట్టు లేదూ? ఆ కాలంలో దీన్ని కలరాకు మందుగా ప్రచారం చేశారు. కలరాను అది నయం చేయలేదు. కలరాను అదుపు చేసినది శుభ్రమైన నీరు. కానీ 'మందు' అన్న ముద్ర వ్యాపారానికి ఎంత పనికివచ్చిందో అమెరికా చెబుతుంది. 1920 నుంచి 1933 వరకు అక్కడ మద్యనిషేధం ఉన్న రోజులలో ఫెర్నెట్ బ్రాంకా ఔషధంగా మందులషాపులలో అమ్ముడుపోయింది. 39 శాతం ఆల్కహాలు ఉన్న ఔషధం! ఆ నమూనా నా బల్ల మీదకు వచ్చి ఉంటే ఏమి రాసేవాడినో మిత్రులు ఊహించగలరు.

అవేర్నా కథ మరోరకం. సిసిలీలో కాల్తనిస్సెట్టా అనే పట్టణంలో బట్టల వర్తకుడైన సాల్వతోరే అవేర్నాకు, ఆయన చేసిన సహాయాలకు కృతజ్ఞతగా అక్కడి మఠంలోని ఒక సన్యాసి తమ మూలికల కషాయం పాఠం రాసి ఇచ్చాడని ఆ కుటుంబం చెప్పుకుంటుంది. మఠం నుంచి దుకాణానికి మందు చేరిన దారి ఇంతకంటె స్పష్టంగా మరెక్కడా కనబడదు.

కాంపారి ఎరుపు రంగు చాలామంది చూసే ఉంటారు. ఆ రంగు చిరకాలం కోచినీల్ అనే చిన్న పురుగులను ఎండబెట్టి తీసినది. మన లక్కపురుగుకు దూరపు చుట్టం అనుకోవచ్చు. 2006లో ఆ పద్ధతి చాలాచోట్ల మాని కృత్రిమ రంగుకు మారారు. 1932లో వచ్చిన కాంపారి సోడా బుడ్డిని రూపొందించినవాడు ఫొర్తునాతో దెపేరో అనే ప్రఖ్యాత చిత్రకారుడు. తిరగేసిన గరాటులా ఉండే ఆ బుడ్డిని నేటికీ మార్చలేదు.

పేర్లలో దాగిన చరిత్ర

సీసా మీది పేరు చదివితే దేశచరిత్ర తెలుస్తుంది. బొలోన్యా వారి 'మాంటెనీగ్రో' అన్న పేరు, 1896లో ఇటలీ యువరాజును పెళ్ళాడిన మాంటెనీగ్రో రాకుమారి ఎలెనా గౌరవార్థం పెట్టినది. లివోర్నో పట్టణంలో అర్తూరో వక్కారి తయారుచేసిన 'గల్లియానో' కూడా 1896 నాటిదే. మేజర్ జుసెప్పె గల్లియానో ఇథియోపియాలో మకెల్లే కోటను ముట్టడిలో నిలబెట్టుకుని పేరు పొందాడు. 1896 మార్చి 1న అద్వా యుద్ధంలో ఇథియోపియన్ల చేతిలో ఇటలీ సైన్యం చిత్తుగా ఓడింది. ఆయన కూడా ఆ యుద్ధంలోనే చనిపోయాడు. ఇటలీ సీసా మీద అది వీరగాథ. తమ దేశాన్ని ఆక్రమించవచ్చినవారిని తరిమిన ఇథియోపియన్లకు అది స్వాతంత్ర్య విజయం. పరాయి పాలన చూసిన దేశపు వాళ్ళం మనం ఆ సీసాను రెండు వైపులా తిప్పి చదవాలి.

బెనెవెంటో వారి 'స్ట్రేగా' అంటే మంత్రగత్తె. ఆ ఊరి అక్రోటు చెట్టు కింద మంత్రగత్తెలు చేరేవారని పాత ఐతిహ్యం. కుంకుమపువ్వు వలన దానికి పసుపు రంగు. 1947లో ఆ కంపెనీ యజమాని గుయిదో అల్బెర్తి, రచయిత్రి మరియా బెల్లొంచి ఒక సాహిత్య పురస్కారం నెలకొల్పారు. స్ట్రేగా బహుమతి ఇటలీలో నవలలకు అత్యంత ప్రతిష్ఠాత్మకమైనదిగా పేరు పొందింది. 1981లో ఉంబెర్తో ఎకో 'ద నేమ్ ఆఫ్ ద రోజ్' నవలకు వచ్చినది ఆ బహుమతే. సారా డబ్బు సాహిత్యానికి ఉపయోగపడిన సందర్భం అరుదు, అందుకే ప్రత్యేకంగా చెప్పాను.

చెర్రీ మొక్కల కథ

ఇన్ని సీసాలలో నన్ను కదిలించినది లుక్సార్డో వారి 'మరస్కీనో'. మరాస్కా అనే పుల్లని చెర్రీ పండ్ల నుంచి చేసేది, నీళ్ళలా తెల్లగా ఉంటుంది, సీసాకు గడ్డితో అల్లిన తొడుగు ఉంటుంది. అడ్రియాటిక్ సముద్రం ఆవలి ఒడ్డున జారా అనే రేవు పట్టణంలో 1821లో జిరోలమో లుక్సార్డో దీని కర్మాగారం స్థాపించాడు. ఆయన భార్య ఇంట్లో చేసే రొసోలియోతో అది మొదలైంది. అప్పుడు ఆ ఊరు ఆస్ట్రియా పాలనలో ఉండేది. మొదటి ప్రపంచయుద్ధం తరువాత ఇటలీకి వచ్చింది. నేడు జాదర్ అన్న పేరుతో క్రొయేషియాలో ఉన్నది.

1943, 44 సంవత్సరాలలో మిత్రరాజ్యాల బాంబులకు ఆ పట్టణమూ, కర్మాగారమూ నేలమట్టమయ్యాయి. పట్టణం యుగోస్లావియా పార్టిజాన్ల వశమైన రోజులలో కుటుంబంలో అన్నదమ్ములు పియెత్రో, నికొలో ప్రాణాలు కోల్పోయారు. బతికి బయటపడిన తమ్ముడు జోర్జో ఇటలీ చేరాడు. ఊరు లేదు, కర్మాగారం లేదు, ముఖ్యంగా మరాస్కా చెట్లు లేవు. చెట్టు లేనిదే సీసా లేదు. అయితే ఫ్లోరెన్స్ విశ్వవిద్యాలయంలో ఒక వ్యవసాయ ఆచార్యుడు యుద్ధానికి ముందే పరిశోధన కోసం ఆ మొక్కలు తెచ్చి పెంచుతున్నాడు. ఆ మొక్కల నుంచి అంట్లు తీసుకుని, 1947లో పాడువా దగ్గర టొరెల్యా గ్రామంలో కుటుంబం మళ్ళీ పని ప్రారంభించింది. దేశవిభజనలో ఊళ్ళు పోగొట్టుకుని వచ్చి, చేతి పనిని నమ్ముకుని నిలబడిన వారిని మన దేశంలోనూ ఎరుగుదుము. ఒక ఆచార్యుడు ప్రయోగశాల తోటలో నాలుగు మొక్కలు కాపాడి ఉంచడం ఒక కుటుంబానికి, ఒక వృత్తికి ప్రాణభిక్ష అవుతుందని ఎవరు అనుకుంటారు?

కథలూ, కట్టుకథలూ

అన్ని సీసాల కథలూ ఇంత గట్టివి కావు. బాదం వాసన వచ్చే 'అమరెత్తో' గురించి సరోన్నో పట్టణంలో ఒక కథ చెబుతారు. 1525లో బెర్నార్దినో లుయీని అనే చిత్రకారుడు చర్చిలో మేరీమాత చిత్రం వేయడానికి వచ్చి, సత్రం నడిపే ఒక వితంతువును చూసి చిత్రించాడట, ఆమె కృతజ్ఞతతో ఈ పానీయం చేసి ఇచ్చిందట. లుయీని నిజం, చర్చిలో చిత్రాలు నిజం. సత్రం ఆవిడ మాత్రం ఐతిహ్యం. ఇంకో సంగతి. సరోన్నోలో చేసే ప్రసిద్ధమైన 'దిసరోన్నో'లో బాదం పప్పు అసలు లేదని తయారీదారులే చెబుతారు. ఆ వాసన ఆప్రికాట్ పండు గింజల లోపలి పప్పుది. బెంజాల్డిహైడ్ అనే రసాయనం రెండింటిలోనూ పుడుతుంది, ముక్కుకు తేడా తెలియదు.

నిమ్మతొక్కతో చేసే 'లిమొంచెల్లో'ను సొర్రెంటో, అమాల్ఫి, కాప్రి మూడూ మాదంటే మాదంటాయి. ఆ ప్రాంతం ఇళ్ళలో చేసుకోవడం పాత అలవాటే గాని, ఆ పేరు వ్యాపార ముద్రగా నమోదైనది 1988లో మాత్రమే, దేశదేశాలకు పాకినది ఆ తరువాతనే. ఇక్కడ మనకు ఒక నిజమైన చుట్టరికం ఉన్నది. నిమ్మ, నారింజ జాతులన్నింటికీ పుట్టినిల్లు తూర్పు అస్సాం, ఉత్తర బర్మా, చైనా యునాన్ ప్రాంతాలను ఆనుకున్న హిమాలయ పాదసీమ అని 2018లో జన్యుపరిశోధనలు తేల్చాయి. సొర్రెంటో కొండ మీది నిమ్మచెట్టు మన వైపు నుంచి నడిచి వెళ్ళినదే. మన గూడూరు నిమ్మకాయతో పోలిస్తే కాయ చాలా పెద్దది, తొక్క మందం, వాసన ఎక్కువ.

హేజల్‌నట్ గింజలతో చేసే 'ఫ్రాంజెలికో' సీసా సన్యాసి ఆకారంలో, నడుముకు తాడుతో ఉంటుంది. అది బజారులోకి వచ్చినది 1970ల చివరలోనే. మందు మఠం విడిచి వెళ్ళిన ఇన్నేళ్ళకు సన్యాసి మళ్ళీ వచ్చాడు, ఈసారి సీసా రూపంలో!

ఎలా సేవిస్తారు

ఇటలీ వారికి భోజనానికి ముందు ఒకటి, తరువాత ఒకటి. ముందుదాన్ని 'అపెరిటివో' అంటారు, ఆకలిని తెరిచేది అని భావం. కాంపారి, అపెరోల్ ఈ తెగవి. 1919లో పాడువాలో పుట్టిన అపెరోల్‌లో ఆల్కహాలు 11 శాతమే. పైన చెప్పిన 15 శాతం చట్టం లెక్కలో అది లిక్యూరు కిందకే రాదు! ఐస్ ముక్కల మీద మూడు పాళ్ళు ప్రొసెక్కో అనే నురుగు వైన్, రెండు పాళ్ళు అపెరోల్, ఒక పాలు సోడా పోసి నారింజ ముక్క వేస్తే 'స్ప్రిట్స్'. ఆలివ్ కాయలో, వేరుసెనగలో పక్కన ఉంటాయి. ఉత్త కడుపున తాగడం అక్కడ మర్యాద కాదు.

భోజనం తరువాతది 'డిజెస్టివో', అరిగించేది అని భావం. అమారోలు ఈ తెగవి. చిన్న గ్లాసులో రెండు మూడు చెంచాలు, చల్లబరచకుండా, కావలిస్తే నారింజ తొక్క వేసి ఇస్తారు. 1952లో వచ్చిన 'చినార్' ఆర్టిచోక్ ఆకులతో చేసినది. 1960లలో టెలివిజన్ ప్రకటనలో ఒక పెద్దమనిషి వాహనాల రద్దీ నడుమ నడిరోడ్డున బల్ల వేసుకుని నింపాదిగా కూర్చుని దీన్ని సేవిస్తుంటాడు. ఇటలీలో పెద్దవాళ్ళంతా దాన్ని గుర్తు చేసుకుంటారు.

లిమొంచెల్లో మాత్రం గడ్డకట్టే చలిలో ఉంచి, గ్లాసును కూడా చల్లబరిచి ఇస్తారు. దానిలో స్పిరిట్ ఉన్నందున గడ్డ కట్టదు, కాస్త చిక్కబడుతుంది. సోంపు వంటి వాసన గల 'సంబూకా'లో మూడు కాఫీ గింజలు వేస్తారు. దానికి 'ఈగ' అని పేరు. ఆరోగ్యం, ఆనందం, ఐశ్వర్యం అని మూడు గింజలకు అర్థం చెబుతారు. సంబూకాలో నీళ్ళు పోస్తే పాలలా తెల్లబడుతుంది. ఇది మాయ కాదు. మన బిర్యానీలో వేసే అనాసపువ్వులోని అనిథోల్ అనే నూనె స్పిరిట్‌లో కరుగుతుంది, నీటిలో కరగదు. నీరు ఎక్కువ కాగానే సన్నని బిందువులుగా విడిపోయి తెల్లగా కనిపిస్తుంది. కాఫీ తాగిన తరువాత పుచ్చుకునే చిన్న గ్లాసును 'అమ్మత్సా కఫే' అంటారు. కాఫీని చంపేది అని అర్థం!

మా అమ్మాయి ఉండే ప్రాంతంలో 'నొచీనో' అని పచ్చి అక్రోటు కాయలతో ఇళ్ళలో చేస్తారు. జూన్ 24, సెయింట్ జాన్ పండుగనాడు కాయలు కోయాలని నియమం. మన ఆవకాయ ముహూర్తం వంటిదే. పక్కింటి ముసలమ్మగారు మా అమ్మాయికి జాడీ చూపించి, ఏ ఏడాదిది ఏదో చెబుతుంటే, ఊరగాయల గదిలో మా అమ్మ గుర్తుకు వచ్చింది.

ఒక హెచ్చరిక. అక్కడ తినే పదార్థాలకు పనికివచ్చే శుద్ధమైన స్పిరిట్ అంగళ్ళలో అమ్ముతారు. ఇక్కడ పరిశ్రమల స్పిరిట్‌తోనో, మరెక్కడో దొరికిన దానితోనో ఎవరూ ప్రయోగాలు చేయవద్దు. మిథైల్ ఆల్కహాలు కళ్ళు తీస్తుంది, ప్రాణం తీస్తుంది. చూపుకు, వాసనకు తేడా తెలియదు. అటువంటి నమూనాలు పరీక్షించి కాగితం మీద అంకెలు వేసిన చేయి ఇది.

అసలు లెక్క

మద్యం గురించి తియ్యగా రాసి ఊరుకోవడం నా వంటి వాడికి న్యాయం కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారాకు ఎదురు నిలిచారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో నిషేధం సడలింది. ఆ మహిళలు అడిగినది చరిత్ర కాదు, ఇంటికి రావలసిన కూలి డబ్బు. ఇటలీలోనూ తాగుడుకు చెడిన ఇళ్ళు లేకపోలేదు.

లెక్క చెబుతాను. 28 శాతం గల అమరెత్తో 40 మిల్లీలీటర్ల గ్లాసులో ఆల్కహాలు సుమారు 11 మిల్లీలీటర్లు, తూకంలో దాదాపు 9 గ్రాములు. పైగా చక్కెర. మధుమేహం ఉన్నవారికి రెండూ శత్రువులే. రక్తపోటుకు, నిద్రకు, కీళ్ళనొప్పులకు మాత్రలు వేసుకునే మన వయసు వారిలో ఆల్కహాలు మాత్రలతో కలిసి ప్రమాదం చేయగలదు. మద్యం క్యాన్సరు కారకమని అంతర్జాతీయ పరిశోధన సంస్థ 1988లోనే వర్గీకరించింది. సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. కాబట్టి అలవాటు లేనివారు చరిత్ర తెలుసుకోవడం కోసం మొదలుపెట్టనవసరం లేదు. ఇటలీ వెళ్ళినప్పుడు 1960లలో వచ్చిన 'క్రొదీనో' వంటి ఆల్కహాలు లేని చేదు పానీయాలు అడగవచ్చు. రుచి అదే వంశానిది, మత్తు లేదు. నేను కూడా రెండవ ప్రయాణంలో దానితోనే సరిపెట్టుకున్నాను.

మరి ఈ చరిత్రలో మనం తీసుకోవలసినది ఏమిటి? ఆ సీసాలు మందుగా చేసిన వాగ్దానాలు చాలావరకు నిలబడలేదు. కలరా తగ్గలేదు, ఆయువు పెరగలేదు. నిలిచినది మందు నేర్పిన క్రమశిక్షణ ఒక్కటే: చిన్న గ్లాసు, భోజనంతో ముడి, నిర్ణీతమైన వేళ, నలుగురి ఎదుట, ఒక్కసారితో సరి. మఠంలో సన్యాసి చెంచాతో కొలిచి ఇచ్చిన మోతాదు ఎనిమిది వందల ఏళ్ళ తరువాత అతిథికి పోసే చిన్న గ్లాసుగా మిగిలింది. మోతాదు ఉన్నంతకాలం దాన్ని చెంచాతో కొలుస్తారు, మోతాదు మరచిన రోజు సీసాతో కొలుస్తారు. మన భాష రెండింటినీ 'మందు' అనే పిలిచినా, తేడా మాత్రం ఆ కొలతలోనే ఉన్నదని ముప్ఫై ఏళ్ళు కొలతలు వేసిన వాడిగా మిత్రులకు విన్నవించుకుంటున్నాను.